కుడి తలుపు పిడి

ఇంజను అడుగున ఉండే ఆయిల్ తొట్టి ఎవరికి కనిపిస్తుందని అడిగేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మా బొమ్మ బండ్ల వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి ఉన్నాడు. నేను ఫోటో పెట్టినప్పుడల్లా, లారీని బోర్లా తిప్పి ఎవరు చూస్తారండీ అంటాడు. నేను చూస్తాను. కనిపించని చోట తప్పు ఉందని తెలిశాక కనిపించే చోట ఎన్ని పూతలు పూసినా నాకు అన్నం సయించదు. ఈ జబ్బు పుట్టుకతోనే ఉన్నట్టుంది, వికారాబాద్‌లో సెల్‌ఫోన్ రిపేరు దుకాణం పెట్టుకున్నాక ముదిరింది. పగలంతా భూతద్దం కింద చీమ తలకాయంత భాగాలు పీకి పెట్టేవాడికి ఇంటికి పోయాక మాత్రం చూపు మొద్దుబారుతుందా?

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. అసలు బండిని ఇరవై నాలుగో వంతుకు కుదించి, ప్లాస్టిక్ ముక్కలుగా డబ్బాలో పెట్టి అమ్ముతారు, దాన్నే కిట్టు అంటాం. ముక్కలన్నీ సన్నటి కాడలకు అంటుకుని ఉంటాయి. మనం కత్తిరించి, అరగదీసి, అతికించి, రంగు వేసుకోవాలి. పిల్లల ఆట అనుకుని నవ్వేవాళ్ళు నవ్వుతారు. అయితే ఏ కంపెనీ కూడా బండిని పూర్తిగా సరిగ్గా చేయదు. ఒక డబ్బాలో క్యాబిన్ కళ్ళకద్దుకునేలా ఉంటుంది, చక్రాలు అన్యాయం. ఇంకో డబ్బాలో చక్రాలు అచ్చం అసలువే, ముందు మూతి చూస్తే ఏడుపొస్తుంది. అందుకని రెండు మూడు డబ్బాలు కొని, దీని చక్రాలు దానికి, దాని మూతి దీనికి మార్చి, ఒక్క నిజమైన బండి తీయాలి. మిగిలిన ముక్కలు మిఠాయి డబ్బాల్లో దాచుకుంటాం, కావలసినవాళ్ళకు కొరియర్ చేసి మనకు కావలసినవి తెప్పించుకుంటాం. నా భార్య దృష్టిలో ఇదంతా డబ్బు పెట్టి చెత్త కొనడం. ఆ మాట మీద మేము చాలాసార్లు పోట్లాడుకున్నాం.

మా అన్న నడిపిన లారీ కూడా అలాంటిదే. ఒక బండి ఇంజను, ప్రమాదంలో నుజ్జయిన ఇంకో బండి ఛాసిస్, ఎవరో అమ్మేసిన మూడో బండి క్యాబిన్ కలిపి షెడ్డులో నిలబెట్టారు. తాండూరు బండలు ఎక్కించుకుని హైదరాబాద్ పోయేది. మాది దోమ అనే ఊరి దగ్గరి పల్లె. మా నాయన గొర్లు కాసేవాడు. అన్న గొర్ల వెంట పోనని మొండికేసి లారీ ఎక్కాడు. అనంతగిరి ఘాటు మలుపులో ఆ లారీతోనే పడి చనిపోయాడు. అప్పటికి అన్న బిడ్డ ఇంకా పాలు తాగుతోంది. నేను ఫోన్ల పని నేర్చుకుంటూ హైదరాబాద్‌లో ఉన్నాను.

వదిన ఆ తర్వాత పుట్టింటికి పోలేదు, మా ఇంటికీ రాలేదు. తాండూరులోనే రెండు గదులు అద్దెకు తీసుకుని, పప్పు మిల్లులో పనికి కుదిరి, బిడ్డను చదివించింది. మనిషి తక్కువ మాట్లాడుతుంది. లారీ గురించి అసలు మాట్లాడదు. లారీ ముందు అన్న నిలబడ్డ ఫోటోలన్నీ పొయ్యిలో పెట్టిందట. ఇంకో వింత కూడా ఉంది. ఆమె ఇంట్లో మీరు ఒక్క ముడి చూడలేరు. పప్పు సంచులకు, పోపు దినుసుల కవర్లకు అన్నిటికీ రబ్బరు బ్యాండ్లు. దండెం తాడు కట్టరు, ఇనుప తీగను మేకుకు తగిలిస్తారు. చీర కొంగున చిల్లర పెట్టుకున్నా ముడి వేయదు, నడుములో దోపుకుంటుంది. కొందరికి పిల్లి ఎదురైతే పడదు, ఈమెకు ముడి పడదు అనుకున్నాం. "రబ్బరు బ్యాండ్ల కంపెనోళ్ళకు నీ సంగతి చెప్తె దసరాకు చీర పెడ్తరు వదినా" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆమె నవ్వేది కాదు, కోప్పడేదీ కాదు.

పోయిన ఏడు అన్న బిడ్డ వికారాబాద్‌కు ఏదో పరీక్ష రాయడానికి వచ్చి నా దుకాణంలో కూర్చుంది. డిగ్రీ చదువుతోంది, తండ్రి పోలికే. అరలో ఉన్న నా బొమ్మ బండ్లను చాలాసేపు చూసి, "కాకా, మా నాయిన బండి ఎట్లుండె?" అంది.

నేను చెప్పడం మొదలుపెట్టాను. మూతి కొంచెం ముందుకు ఉంటుందనీ, పసుపు రంగనీ, అద్దం మీద తల్లి దీవెన అని రాసి ఉంటుందనీ చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"గట్ల చెప్తె నాకు కండ్లకు వస్తలేదు. నాయిన మొఖం పెండ్లి ఫోటోల సూసిన. నాయిన పొద్దంత కూసున్న జాగ సూడలే. అమ్మను అడిగితె లేచి పోతది. నువ్వు చేసియ్యి కాకా. అచ్చం గట్లనే చెయ్యి. జర గూడ తేడా ఉండొద్దు."

జర కూడా తేడా ఉండొద్దని నాతో అన్న మనిషి నా జన్మలో ఆ పిల్ల ఒక్కతే. చేస్తానన్నాను. చేశాక దాన్ని పెట్టాల్సింది వదిన ఉండే ఇంట్లోనే అని ఆమె వెళ్ళిపోయాక గుర్తొచ్చింది. ఫోటోలు పొయ్యిలో పెట్టిన మనిషి కళ్ళ ముందు ఆ బండిని మళ్ళీ నిలబెట్టడం మంచిదా? దొంగతనంగా చేయడం నా వల్ల కాదు. వదినకు ఫోన్ చేసి చెప్పాను.

"చెయ్యి" అంది. తర్వాత ఒకటే అడిగింది. "తలుపులు తెరుసుకుంటయా?"

"తెరుసుకునేటట్టు చేస్త" అన్నాను. బండి మీద ఆమెకు ఆసక్తి కలిగిందనుకుని సంబరపడ్డాను. నిజానికి ఇన్నేళ్ళుగా ఆమెను తింటున్నది ఆ తలుపే.

మన లారీకి ఎక్కడా కిట్టు లేదు. ప్రపంచంలో ఎవడికీ పట్టని బండి కదా. మూతి కోసం పాత జర్మనీ ట్రక్కు కిట్టు ఒకటి తెప్పించాను, మన లారీకి అది ముత్తాత వరస. దానికి స్టీరింగు ఎడమ వైపు ఉంటుంది. కుడి వైపు స్టీరింగు ఉన్న డ్యాష్‌బోర్డు కోసం జపాను లారీ కిట్టు కొన్నాను. వెనక ఇరుసు, జోడు చక్రాలు మిలిటరీ ట్రక్కువి. ఒకదాని కొలత ఇంకోదానికి కుదరక ఎంత అరగదీశానో నా వేళ్ళకే తెలుసు. వెనక తొట్టి మాత్రం చెక్క పుల్లలతో నేనే కట్టాను. చూసి చేయడానికి ఒక్క ఫోటో దొరికింది. తాండూరులో బండలు పాలిష్ పట్టే ఒక షెడ్డు గోడకు దసరా పూజ ఫోటో వేలాడుతోంది. గుమ్మడికాయ, నిమ్మకాయలు, దండ వేసిన అన్న లారీ, పక్కన దాని ఓనరు. ఎడమ వైపు నుంచి తీసిన ఫోటో. ఫోన్‌లో దాన్ని ఫోటో తీసుకుని, పెద్దది చేసి, ప్రతి మేకూ చూసుకున్నాను.

తలుపు పిడి దగ్గర పని ఆగింది. ఫోటోలో ఉన్నది పట్టీలాంటి చపటా పిడి. నా దగ్గరున్న కిట్లలో అన్నీ గుండ్రటివే. గుండ్రటిది పెడితే ఏమవుతుంది అన్నాడు గ్రూపు పెద్దమనిషి. ఏమీ కాదు, నేను మీలాగా అవుతాను అని రాసి, వెంటనే చెరిపేశాను. కోయంబత్తూరులో ఒకాయన దగ్గర ఫైరింజన్ కిట్టులో సరిగ్గా అలాంటి పిడులు జత ఉన్నాయని తెలిసింది. నా దగ్గరున్న మంచి అద్దాల జత ఆయనకు పంపి వాటిని తెప్పించుకున్నాను. ఒకటి ఎడమ తలుపుకు, ఒకటి కుడి తలుపుకు. ఫోటోలో కుడి వైపు కనిపించదు. ఎడమ వైపు ఉన్నదే కుడి వైపూ ఉంటుంది కదా అనుకున్నాను. బొమ్మలు చేసే ప్రతివాడూ అలాగే అనుకుంటాడు.

లోడు లేని లారీ మా అన్న లారీ కాదు. పాలిష్ షెడ్డువాళ్ళను బతిమాలి తాండూరు బండనే సన్నగా కోయించాను. సగం ముక్కలు చేతిలోనే విరిగాయి. లెక్క ప్రకారం ఇంకా సన్నగా ఉండాలి, రాయి ఒప్పుకోలేదు. మిగిలినవాటిని తొట్టిలో నిలువుగా, ఒకదానికొకటి ఆనించి పెట్టాను. అతికించలేదు. అసలు లారీలో కూడా ఎవరూ అతికించరు, అటూ ఇటూ కట్టెలు అడ్డం పెట్టి దేవుడి మీద భారం వేస్తారు.

ఒక ఆదివారం పొద్దున డబ్బా ఒళ్ళో పెట్టుకుని రైల్లో తాండూరు పోయాను. బస్సు ఘాటు మీదుగా పోతుంది. అన్న పోయినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరమూ తాండూరుకు బస్సులో పోము. మాట్లాడుకుని పెట్టుకున్న నియమం కాదు, అలా జరిగిపోయింది.

వదిన చాప పరిచి ఉంచింది. తల స్నానం చేసి, మిల్లుకు కట్టుకోని మంచి చీర కట్టుకుంది. అది చూసి నాకు భయం ఎక్కువైంది. బండి బయటకు తీసి చాప మీద పెట్టాను, ఎడమ వైపు ఆమెకు కనిపించేలా. బిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గడప దగ్గరే నిలబడిపోయింది.

"గదే ముక్కు" అంది వదిన. "గదే రంగు. గదే దండ కొక్కెం." ఒక్కొక్కటే చూపు పెట్టి చూసింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత రెండు చేతులతో బండిని తనే తిప్పింది. కుడి వైపు వచ్చింది. ఆమె చూపుడు వేలు కుడి తలుపు మీద ఆగింది.

"గీ పిడి యాడిది?"

నాకు ఉత్సాహం వచ్చింది. అడిగిన మనిషి దొరికింది కదా, కోయంబత్తూరు నుంచి మొదలుపెట్టాను. ఆమె వినలేదు.

"పిడి లేకుండె తమ్మీ."

తలుపు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది.

"గా నెల మొదట్లనే ఇరిగింది. మీ అన్న ఓనరును అడిగిండు. సూద్దాం తియ్యి అన్నడట. తలుపు నిలుస్తలేకుండె. మూల మలిగినప్పుడల్ల తెరుసుకుంటుండె. నేనే నా పాత చీర అంచు చింపి ఇచ్చిన. పొద్దుగాల ఆయన ఎక్కి కూసుంటె, నేను మెట్టు మీద నిలబడి, గీ కిటికీ చట్రానికి, గీ కడ్డీకి కలిపి కడుతుంటి. జారుముడి. కొస వట్టి గుంజితె ఊడొస్తది. దిగేటప్పుడు ఆయన కిటికీల నుంచి చెయ్యి వెట్టి గుంజుకుంటుండె."

ఎన్నోసార్లు లోపల చెప్పుకున్న మాటలని తెలుస్తూనే ఉంది.

"గా పొద్దు వాన. బిడ్డ లోపట ఏడుస్తుంది. ఆయన హారను కొడుతుండు. కట్టిన. ఏం ముడి కట్టిన్నో యాదికొస్తలేదు తమ్మీ. జారుముడే అనుకుంట. పీటముడి వడ్డదేమో. తడి గుడ్డ, బిగుసుకపోయిందేమో. ఆయన గుంజిండేమో. రాలేదేమో."

ఆ ఇంట్లో ఒక్క ముడీ ఎందుకు లేదో నాకు అప్పుడు తెలిసింది. రబ్బరు బ్యాండ్ల మీద నేను చేసిన ఎగతాళికి సిగ్గుపడ్డాను. తర్వాత కోపం వచ్చింది. దసరాకు బండికి గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయలు కట్టి, పక్కన నిలబడి ఫోటో దిగిన ఓనరు మీద. తలుపుకు ఒక పిడి పెట్టించడానికి చేతులు రాని ఆ మనిషి ఫోటో చూసుకుంటూ నేను నెలల తరబడి మేకులు లెక్కబెట్టాను. అవతలివాడి నిర్లక్ష్యాన్ని ఈ మనిషి తన చీర అంచుతో కట్టుకుని మోసింది.

ఆమెకు తెలియనిది నాకు తెలుసు. ఆ రోజు కబురు రాగానే హైదరాబాద్ నుంచి నేరుగా ఘాటుకే వచ్చాను. లారీ మలుపు కింద కుడి పక్కకు ఒరిగి పడి ఉంది. కుడి తలుపు నేలకు ఆని ఉండడం వల్ల నేనది చూడనేలేదు. చూసింది వేరే. ఇంటికి వచ్చాక మా పెద్దనాయన నన్ను పక్కకు పిలిచి, ఆడమనిషికి అదంతా చెప్పకు, బండి పల్టీ కొట్టిందని మాత్రం చెప్పు అన్నాడు. అందరం అదే చెప్పాం. ఆమె మంచి కోసమే అనుకున్నాం.

"వదినా, ముడి దాక రాలే" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. మాటలతో చెప్పడం నాకు చేతకాలేదు. బండిని చాప మీద వెనక్కు జరిపి, ముందుకు తోసి, మలుపు దగ్గర బ్రేకు వేసినట్టు మూతికి అరచెయ్యి అడ్డం పెట్టాను. తొట్టిలోని బండలన్నీ ఒక్కసారిగా ముందుకు జరిగి క్యాబిన్ వెనక గోడకు కొట్టుకున్నాయి. చిన్న చప్పుడు. నేను అతికించిన గోడ ఊడి సీటు మీద పడింది. దాని మీద బండలు పడ్డాయి.

గడప దగ్గర నుంచి బిడ్డ "కాకా" అంది. నేను ఆపలేదు. అప్పుడు ఆపితే ఇంకెప్పటికీ చెప్పలేనని తెలుసు.

"ముందుగాల బండలొచ్చినయి. గా తర్వాత బండి ఒరిగింది." బండిని మెల్లగా కుడి పక్కకు పడుకోబెట్టాను. తలుపు చాపకు ఆనింది. "పిడి ఉన్నా, లేకున్నా, జారుముడైనా, పీటముడైనా ఒకటే. దవాఖానల డాక్టరు నాతోనే చెప్పిండు, బండలు తగిలినప్పుడే పానం పోయిందని. అన్న చెయ్యి స్టీరింగు మీదనే ఉండె వదినా. నేను సూసిన. ముడి దిక్కు పోలేదు."

ఆమె సీటు మీద పడ్డ రాళ్ళను వేలితో ముట్టి చూసింది. బయట ఎవరో కన్నడంలో కూరగాయలు బేరమాడుతున్నారు.

"నిజంగ చెప్తున్నవా? నా పానం నిమ్మళం గావాలని చెప్తున్నవా?"

"గింతంత మేకు తేడా ఉంటె నెలలకు నెలలు నిద్ర పోనోన్ని" అన్నాను. కోపంగానే అన్నాను, ఏడుపు ఆపుకోవడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే. "గింత పెద్ద ముచ్చట్ల అబద్ధం చెప్తనా?"

అప్పుడు ఏడ్చింది. అన్న శవం ముందు కూడా ఆమె అలా ఏడవలేదు. బిడ్డ వచ్చి పట్టుకుంది. నేను లేచి వాకిట్లోకి పోయి నిలబడ్డాను. మంచి పని చేశానో, మనిషి మొత్తం నలిగిపోయిన దృశ్యాన్ని తెచ్చి ఆమె చాప మీద పెట్టానో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. ముడి పోయింది, దాని చోట బండలు వచ్చాయి.

తర్వాత ఆమె మొఖం కడుక్కుని చాయ్ పెట్టింది. మిల్లు నుంచి తెచ్చిన కందిపప్పు సంచిలో పోసి ఇచ్చింది. సంచి మూతికి రబ్బరు బ్యాండే వేసింది. ఒక్క పూటలో పోయే అలవాటు కాదని నాకు అర్థమైంది.

రైలుకు ఇంకా సమయం ఉంది. రాళ్ళన్నీ ఏరి, ఊడిన గోడను మళ్ళీ అతికించాను. ఈసారి బండలకు కూడా జిగురు పెట్టాను, బిడ్డ పెట్టమంది. మిగిలింది కుడి తలుపు. అచ్చం అలాగే చేస్తానని మాట ఇచ్చాను కదా. సంచిలో నుంచి సన్నటి బ్లేడు తీసి పిడి కింద ఆనించాను. కోయంబత్తూరు నుంచి వచ్చిన పిడి, నేను చేసిన వాటన్నిటిలో చక్కగా కుదిరింది అదే.

వదిన వంగి నా చెయ్యి పట్టుకుంది.

"తియ్యకు" అంది. "గీ బండికన్న పిడి ఉండనీ."

లారీ ఇప్పుడు తాండూరులో వాళ్ళ టీవీ పక్కన ఉంది. గ్రూపులో ఫోటోలు పెట్టలేదు. నేను చేసిన బండ్లలో సరిచేయగలిగి కూడా తెలిసి వదిలేసిన తప్పు ఆ పిడి ఒక్కటే.